పాలక్యానులో నెత్తురు - కార్ల్ పాల్ లింక్ జీవితం

ఆమధ్య డెల్టాలో ఒక ఊళ్ళో కూలిరేట్ల మీద మీటింగు ముగిసి జనం లేచిపోతున్నప్పుడు, ఒక అక్క చెంగున కట్టుకొచ్చిన మాత్రల అట్ట విప్పి నా చేతిలో పెట్టింది. ఆమె పెనిమిటికి గుండెలో వాల్వు మార్చారు. చిన్నతనంలో కీళ్ళవాతపు జ్వరం వచ్చి, సరైన మందు పడక, అది గుండెను పట్టుకున్న కేసు. ఇరుకు ఇళ్ళల్లో బతికే పేదవాళ్ళ జబ్బు అది. ఈ మాత్ర బతికినన్నాళ్ళూ మింగాలని ఆసుపత్రిలో చెప్పారు. అయితే ఊళ్ళో చదువుకున్నవాడొకడు ఆ మాత్ర పేరు చూసి, ఇది ఎలకల మందు గదా అన్నాడట. అంతే, ఐదు రోజులుగా ఆయన మాత్ర మానేశాడు. పేదోళ్ళం గనక మామీద ఎలకల మందు పెట్టి చూస్తున్నారా అని ఆ అక్క నన్ను నిలేసింది.

అట్ట మీద వార్ఫరిన్ అని రాసుంది.

నేను డాక్టర్ని కాను. అయినా వాల్వు పెట్టినవాడు ఈ మాత్ర మానేస్తే వాల్వు దగ్గర నెత్తురు గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుందన్న సంగతి తెలుసు. అందుకని అప్పటికి మాటలు కట్టిపెట్టి, తెల్లారేసరికి ఆయన్ను ఆసుపత్రికి పంపే పని చూశాం. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం బాకీ ఉండిపోయింది. ఎందుకంటే ఆ చదువుకున్నవాడు చెప్పింది అబద్ధం కాదు. సగం చెప్పి ఊరుకున్నాడు. మిగతా సగం చెప్పాలంటే కార్ల్ పాల్ లింక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి కథ, ఆయన దగ్గరికి చచ్చిన పెయ్యను వేసుకొచ్చిన ఒక రైతు కథ చెప్పాలి.

అది 1933 ఫిబ్రవరి. అమెరికా ఉత్తరాన ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రం పాడి రైతుల రాష్ట్రం. ఒక శనివారం మధ్యాహ్నం, ఒళ్ళు కొరికే మంచు తుఫానులో, డీర్ పార్క్ అనే ఊరివైపు నుంచి కార్ల్‌సన్ అనే రైతు తన ట్రక్కులో 190 మైళ్ళు, అంటే 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం వచ్చి మాడిసన్ నగరం చేరాడు. ట్రక్కులో ఒక చచ్చిన పెయ్య ఉంది. పాలు పోసే క్యానులో ఆవు నెత్తురు ఉంది. ఒక వంద పౌన్ల ఎండుగడ్డి ఉంది. క్యానులో నెత్తురు గడ్డకట్టలేదు. అంతదూరం ఆ చలిలో వచ్చినా నీళ్ళలాగానే కదులుతోంది.

డిసెంబరు నుంచీ అతని కొట్టంలో పశువులు ఒక్కొక్కటే పోతున్నాయి. చిన్న గాయమైతే చాలు, నెత్తురు ఆగదు. గాయం లేకపోయినా తోలు కింద నెత్తురు గూడుకట్టి వాచిపోతున్నాయి. ఊళ్ళో పశువుల డాక్టరు మేత చెడిపోయిందన్నాడు. ఏళ్ళ తరబడి అదే గడ్డి వేస్తున్నాను, ఇప్పుడేం వచ్చిందని రైతు నమ్మలేదు. పెద్ద డాక్టరుకే చూపిద్దామని వస్తే శనివారం కావడంతో ఆ ఆఫీసు మూసేసి ఉంది. తలుపు తీసి ఉన్నది యూనివర్సిటీలో జీవరసాయన శాఖ ఒక్కటే. లోపల ఉన్నది లింక్. అప్పటికి ఆయన వయసు 32.

ఆ రైతు వచ్చిన కాలం ఎట్లాంటిదో కాస్త చెప్పుకోవాలి. 1929లో మొదలైన మహా సంక్షోభం అప్పుడు నడినెత్తిన ఉంది. పాలకు వచ్చే ధర దాణాకు కూడా చాలటంలేదు. సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే విస్కాన్సిన్ పాలరైతులు సమ్మెకు దిగారు. రోడ్ల మీద ట్రక్కులు ఆపి పాలు పారబోశారు. మే నెలలో మళ్ళీ దిగితే ప్రభుత్వం తుపాకులకు బాయినెట్లు తొడిగిన నేషనల్ గార్డు సైన్యాన్ని, బాష్పవాయువును రైతుల మీదికి పంపింది. ఆ ఏటి చివరలో మూడోసారి కూడా సమ్మె చేశారు. గడ్డి బూజుపట్టిందని తెలిసినా పారేసి మంచి గడ్డి కొనే స్తోమత అప్పుడు సన్నకారు పాడిరైతుకు లేదు. పశువుల ముందు ఉన్నదే వేశాడు.

ఆ గడ్డి పేరు స్వీట్ క్లోవర్. మన పిల్లిపెసర, జనుము లాగా పప్పుజాతి మొక్క. చవుడు నేలలోనూ, సారం చచ్చిన నేలలోనూ పెరుగుతుంది, నేలకు బలం ఇస్తుంది. అందుకే అమెరికా, కెనడా ఉత్తర మైదానాల్లో రైతులు దాన్ని బాగా పట్టుకున్నారు. కోసి ఆరేస్తే కమ్మటి వాసన. ఆ వాసన ఇచ్చే పదార్థం పేరు కూమరిన్. పొడి వాతావరణంలో బాగా ఆరితే ఏ చిక్కూ లేదు. వానకు తడిసి వామిలో బూజు పట్టిందా, ఆ బూజు కూమరిన్‌ను ఇంకోరకం పదార్థంగా మార్చేస్తుంది. అది కొన్ని వారాలు మేసిన పశువుకు కొమ్ములు కోసినా, విత్తులు కొట్టినా, ఈనినా నెత్తురు ఆగదు.

బూజుపట్టిన స్వీట్ క్లోవరే దీనికి కారణమని 1920ల మొదట్లోనే కెనడాలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు తేల్చాడు. ఇక్కడ ఒక ముక్క. ఈ స్కోఫీల్డ్ అంతకుముందు కొరియాలో ఉండేవాడు. 1919లో కొరియా జనం స్వాతంత్ర్యం కోసం లేస్తే జపాను సైన్యం ఊళ్ళు తగలబెట్టి ఊచకోత కోసింది. ఆ ఊళ్ళకు వెళ్ళి ఫొటోలు తీసి లోకానికి చూపించినవాడు ఈయనే. ఆయన 1970లో చనిపోతే కొరియావాళ్ళు తమ జాతీయ శ్మశానంలోనే సమాధి చేసుకున్నారు. ఆయన తర్వాత నార్త్ డకోటాలో రోడరిక్ అనే మరో పశువైద్యుడు, జబ్బుపడిన పశువు నెత్తురులో ప్రోత్రాంబిన్ తగ్గిపోతున్నదని చూపించాడు. ప్రోత్రాంబిన్ అంటే నెత్తురు గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే సరుకు. ఇంతవరకూ తెలుసు. గడ్డిలో ఉన్న విషం ఏమిటన్నది మాత్రం తెలియదు.

కాబట్టి ఆ శనివారం లింక్ రైతుకు కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. ఈ గడ్డి ఆపు, వీలైతే మంచి పశువు నెత్తురు జబ్బు పశువుకు ఎక్కించు అన్నాడు. రైతు మళ్ళీ ట్రక్కెక్కి ఆ మంచులోనే వెనక్కి పోయాడు. లింక్ దగ్గర పనిచేస్తున్న షోఫెల్ అనే జర్మన్ విద్యార్థికి మాత్రం కడుపు మండిపోయింది. గడ్డి మార్చమని చెప్పావే, ఆ మారు గడ్డి ఎక్కడినుంచి తెస్తాడు, ఏం పెట్టి కొంటాడు అని గురువును దులిపేశాడు. క్యానులో నెత్తురు చేతుల్లోకి తీసుకుని చూసి చూసి, ఈ నెత్తురులో ఏదో ఉంది, తేల్చి తీరాలి అని పట్టుబట్టాడు. ఆ సాయంత్రం నుంచి వాళ్ళిద్దరూ ఆ నెత్తురుతోనూ, ఆ గడ్డితోనూ పని మొదలుపెట్టారు. తన జీవితం ఆ రోజునుంచి మలుపు తిరిగిందని లింక్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

లింక్ 1901 జనవరి 31న ఇండియానా రాష్ట్రంలో లాపోర్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి జర్మన్ మూలాల లూథరన్ పాస్టరు. పదిమంది పిల్లల సంసారం. విస్కాన్సిన్ యూనివర్సిటీలో వ్యవసాయ రసాయనశాస్త్రం చదివి 1925లో డాక్టరేటు తీసుకున్నాడు. తర్వాత యూరప్ పోయి స్కాట్లండులోనూ, ఆస్ట్రియాలోనూ, చివరికి స్విట్జర్లండు జూరిచ్‌లో పాల్ కారెర్ దగ్గరా పనిచేశాడు. అక్కడే క్షయ పట్టుకుంది. ఆ జబ్బు ఆయన్ను చాలాకాలం వదల్లేదు. 1927లో విస్కాన్సిన్ తిరిగొచ్చి పంతులుగా చేరాడు. మనిషి తీరే వేరు. పెద్ద బో టై, రంగు చొక్కా, భుజాన కేప్, మోకాళ్ళదాకా ఉండే నిక్కరుతో యూనివర్సిటీలో తిరిగేవాడు. పెద్దలు మొహం చిట్లించేవారు. ఆయన ఖాతరు చేసేవాడు కాదు.

విషాన్ని పట్టుకోవటానికి ఆరేళ్ళు పైగా పట్టింది. గడ్డిలోంచి ఒక్కో పదార్థం విడదీయటం, కుందేళ్ళకు పెట్టటం, వాటి నెత్తురు ఎంతసేపటికి గడ్డకడుతుందో చూడటం, మళ్ళీ మొదటికి రావటం. చివరికి 1939 జూన్ 28న, రాత్రంతా కూర్చుని పనిచేసిన హెరాల్డ్ క్యాంబెల్ అనే విద్యార్థి సూక్ష్మదర్శినిలో స్పటికాలు చూశాడు. తూకం వేస్తే ఆరు మిల్లీగ్రాములు. పొద్దున లింక్ వచ్చేసరికి ప్రయోగశాలలో పనివాడొకడు అక్కడి ఆల్కహాలే తాగి పండగ చేసుకుంటున్నాడట. మరుసటి ఏడాది దాని నిర్మాణం తేల్చి, తామే తయారుచేయగలిగారు. డైకూమరాల్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు కథకు రెండో కొస పట్టుకోవాలి. విస్కాన్సిన్‌లో నెత్తురు కారే ఆవుల గొడవ నడుస్తుండగానే, సముద్రం అవతల డెన్మార్కులో నెత్తురు కారే కోడిపిల్లల గొడవ నడుస్తోంది. కోపెన్‌హాగెన్‌లో హెన్రిక్ డాం అనే శాస్త్రజ్ఞుడు 1929లో కోడిపిల్లలకు కొవ్వంతా తీసేసిన మేత పెట్టి చూస్తున్నాడు. అవి తోలు కింద, కండల్లో నెత్తురు కారి చచ్చిపోతున్నాయి. కొవ్వు కలిపినా ఆగలేదు, నిమ్మరసంలో ఉండే విటమిన్ సి ఇచ్చినా ఆగలేదు. ఆకుపచ్చ ఆకులు, కాలేయం పెడితే ఆగింది. అప్పటికి తెలిసిన ఏ విటమినూ కాదిది. 1935లో దానికి కె అని పేరు పెట్టాడు. నెత్తురు గడ్డకట్టటాన్ని వాళ్ళ భాషలో కోఆగులేషన్ అంటారు, దాన్ని కె అక్షరంతో రాస్తారు, అందుకని.

1939లో డాం, జూరిచ్‌లో లింక్ పాత గురువు కారెర్ కలిసి లూసర్న్ గడ్డినుంచి ఈ విటమిన్‌ను విడదీశారు. అమెరికాలో ఎడ్వర్డ్ డోయిజీ కూడా అదే ఏడు లూసర్న్ నుంచి ఒకరకం, కుళ్ళిన చేపపొడి నుంచి ఇంకోరకం విడదీసి నిర్మాణం తేల్చాడు. 1943 నోబెల్ బహుమతి డాంకూ డోయిజీకీ వచ్చింది. చూడండి, మంచి లూసర్న్ గడ్డిలోంచి నెత్తురు ఆపే విటమిను, బూజుపట్టిన క్లోవర్ గడ్డిలోంచి నెత్తురు ఆగనివ్వని విషం ఒకే ఏడాది చేతికొచ్చాయి. రెండూ పశువుల మేతలోనివే. పైగా 1937లోనే మిల్వాకీ నగరంలో ఆర్మండ్ క్విక్ అనే డాక్టరు, క్లోవర్ జబ్బు చేసిన కుందేళ్ళకు లూసర్న్ మేపితే నయమవుతుందని చూపించాడు.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటే ఇది. మన కాలేయం నెత్తురు గడ్డకట్టే సరుకులు నాలుగైదు రకాలు తయారుచేస్తుంది. ఆ సరుకు తయారైతే చాలదు. నెత్తురులో ఉన్న సున్నం, అంటే కాల్షియం, దాన్ని పట్టుకోవటానికి వాటికి కొక్కేలు పెట్టాలి. ఆ కొక్కేలు పెట్టే పనిలో విటమిన్ కె ఉండాలి. ఒకసారి పని చేసిన విటమిన్ అరిగిపోతుంది. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మళ్ళీ పనికొచ్చేలా చేస్తుంది. కొడవలి మొద్దుబారితే సాన పట్టినట్టు. క్లోవర్ విషం సరిగ్గా ఆ సాన పట్టేవాణ్ణి కట్టేస్తుంది. కొక్కేల సంగతి 1974లో గానీ బయటపడలేదు. డైకూమరాల్ పెట్టిన ఆవుల నెత్తురునే పరీక్షించి, స్వీడన్‌లో స్టెన్‌ఫ్లో, విస్కాన్సిన్ జీవరసాయన శాఖలో సట్టీ దగ్గర ఈ పని మొదలుపెట్టిన నెల్సెస్టూయెన్ దాన్ని తేల్చారు. లింక్ అప్పటికి బతికే ఉన్నాడు. సాన పట్టే ఎంజైము జన్యువు 2004లో దొరికింది.

మనిషికి రోజుకు కావలసిన విటమిన్ కె బహు తక్కువ. కిలో బరువుకు ఒక మైక్రోగ్రాము చొప్పున లెక్కేస్తారు. నూరు గ్రాముల పాలకూరలో నాలుగైదు వందల మైక్రోగ్రాములు ఉంటుంది. తోటకూరలో ఇంకా ఎక్కువ. కాస్త నూనె తగిలితే ఒంటికి బాగా పడుతుంది. గట్ల మీద కోసుకొచ్చిన ఆకుకూర వండుకు తినే కూలి ఇంట్లో పెద్దవాళ్ళకు మామూలుగా ఈ విటమిన్ కొరత రాదు. పచ్చకామెర్లలో పిత్తం పేగుల్లోకి దిగనివాళ్ళకు వస్తుంది. 1938లో మొదట మనుషులకు ఇచ్చి చూసింది ఆ రోగులకే.

కొరత అందరికీ వచ్చే వయసు ఒకటుంది. అది పుట్టిన రోజు. తల్లి కడుపులో బిడ్డకు ఈ విటమిన్ దిగేది చాలా కొద్ది. తల్లిపాలలోనూ కొద్దే. తల్లి లోపం కాదది, ఎంత తిన్న తల్లికైనా అంతే. అందుకని కొందరు బిడ్డలకు మొదటివారంలోనే బొడ్డునుంచి, ముక్కునుంచి, విరోచనంలో నెత్తురు పడుతుంది. మరికొందరికి రెండువారాలనుంచి మూడునెలల లోపు ఉన్నట్టుండి మెదడులో నెత్తురు చిమ్ముతుంది. బిడ్డ పాలు తాగదు, సోలిపోతుంది, ఫిట్స్ వస్తాయి. మన ఊళ్ళల్లో దాన్ని దిష్టి అనో, గాలి సోకిందనో అంటారు. పుట్టగానే తొడకు ఒక్క మిల్లీగ్రాము విటమిన్ కె ఇంజెక్షను చేస్తే చాలు, ఇది దాదాపుగా రాకుండా పోతుంది. మరీ తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మోతాదు తగ్గిస్తారు. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది వేయాలని 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కాన్పుకు తోడు పోయిన ఆడవాళ్ళు, సూది వేశారా లేదా అని అడిగి, కార్డులో రాయించుకోవాలి. ఇంటిదగ్గర కాన్పయితే ఆశా కార్యకర్తను పట్టుకుని అదే రోజు బిడ్డను తీసుకుపోవాలి. తల్లిపాలు మాత్రం ఆపొద్దు.

సరే, లింక్ దగ్గరికి వద్దాం. డైకూమరాల్‌ను 1940-41లోనే డాక్టర్లు తీసుకున్నారు. ఆపరేషన్ల తర్వాత కాళ్ళ నరాల్లో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతున్న రోగులకు ఇచ్చారు. ఆవులను చంపిన పదార్థమే కొలతలో ఇస్తే మనిషిని కాపాడింది. మోతాదు మించితే విటమిన్ కె విరుగుడు అని లింక్ మొదటినుంచీ గట్టిగా చెప్పాడు. కొందరు పెద్ద డాక్టర్లు మొదట్లో ఒప్పుకోలేదు. వాళ్ళతో ఆయన బాగానే తగాదా పడ్డాడు. చివరికి ఆయన మాటే నెగ్గింది.

1945లో ఆయనకు మళ్ళీ ఊపిరితిత్తుల జబ్బు తిరగబెట్టి నెలల తరబడి శానిటోరియంలో పడుకోవాల్సొచ్చింది. పనిలేక ఎలకలు మనిషికి చేసిన నష్టం మీద, వాటిని చంపే పద్ధతుల మీద పుస్తకాలు చదివాడు. పాషాణం లాంటి మందులు తిన్న ఎలుక అక్కడే తన్నుకుంటే మిగతా ఎలుకలు ఆ ఎర ముట్టవు. నెత్తురు పలచన చేసే మందయితే నాలుగైదు రోజులు మెల్లగా పనిచేస్తుంది, ఎలకలకు అనుమానం రాదు. పిల్లలో పశువులో పొరపాటున తింటే విటమిన్ కె ఉండనే ఉంది. తమ ప్రయోగశాలలో అప్పటికే చేసిపెట్టిన నూటయాభై దాకా పదార్థాల్లోంచి 42వ నెంబరును ఎంచాడు. అది 1948లో ఎలకల మందుగా అంగట్లోకి వచ్చింది. పేటెంటు హక్కు యూనివర్సిటీ పూర్వవిద్యార్థుల పరిశోధనా సంస్థది. ఆ సంస్థ ఇంగ్లీషు పేరులోని నాలుగు మొదటి అక్షరాలతోనే వార్ఫరిన్ అని పేరు పెట్టారు. రైతు నెత్తురు క్యాను తెచ్చాడు, విద్యార్థులు రాత్రుళ్ళు మేలుకున్నారు, పేరు మాత్రం పేటెంటు గలవాళ్ళది నిలిచింది.

ఎలకలకు చేసిన మందు మనుషులకు రావటానికి కారణం మాత్రం ఎవరూ అనుకోనిది. 1951లో అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు చచ్చిపోదామని కొన్ని రోజుల పాటు వార్ఫరిన్ ఎలకల మందు తిన్నాడు. ఆసుపత్రిలో నెత్తురు ఎక్కించి, విటమిన్ కె ఇస్తే పూర్తిగా కోలుకున్నాడు. దాంతో, విరుగుడు ఇంత బాగా పనిచేస్తున్నప్పుడు దీన్నే మందుగా ఎందుకు వాడకూడదని డాక్టర్లు ఆలోచించారు. వార్ఫరిన్ డైకూమరాల్ కంటే నమ్మకంగా పనిచేసింది. 1954లో మనుషులకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వస్తే ఆయనకూ ఇదే ఇచ్చారు. కాబట్టి అక్కా, ఇది పేదవాళ్ళ మీద పెట్టి చూస్తున్న మందు కాదు.

లింక్ మరో పక్క గురించి చెప్పకపోతే ఈ వ్యాసం కుంటిదవుతుంది. ఐసెన్‌హోవర్ కాలమే మెకార్థీ కాలం. కమ్యూనిస్టు అనే ముద్రతో పంతుళ్ళను, నటులను, కార్మికనాయకులను వెంటాడిన ఆ సెనేటర్ మెకార్థీ ఎన్నికైంది ఈ విస్కాన్సిన్ నుంచే. యూనివర్సిటీలో విద్యార్థి సంఘం నడవాలంటే ఒక పంతులు బాధ్యుడిగా ఉండాలి. స్పెయిన్‌లో ఫాసిస్టులతో పోరాడుతూ 1938లో ప్రాణం ఇచ్చిన పూర్వవిద్యార్థి జాన్ కుక్సన్ పేరుతో, కార్ల్ మార్క్స్ పేరుతో కుర్రాళ్ళు చర్చా క్లబ్బు పెట్టుకుంటే దానికి బాధ్యుడుగా నిలబడ్డాడు లింక్. లేబర్ యూత్ లీగుకూ ఆయనే. ఆయన పార్టీ మనిషని నేను అనటంలేదు. నోరు మూయించటం ఆయనకు గిట్టేది కాదు. 1955లోనూ, 1960లోనూ వైద్యరంగంలో పేరున్న లాస్కర్ బహుమతులు ఆయనకు వచ్చాయి. నోబెల్ రాలేదు. 1971లో రిటైరయి, 1978 నవంబరు 21న కన్నుమూశాడు.

ఆయన బతికుండగానే ఎలకలు వార్ఫరిన్‌కు అలవాటుపడ్డాయి. 1958లో స్కాట్లండులో ఒక వ్యవసాయ క్షేత్రంలో మొదట ఇది కనిపించింది. దాంతో కంపెనీలు అదే కుటుంబంలో ఇంకా ఘాటు మందులు తెచ్చాయి. మన వరి పొలాల్లో వాడే బ్రోమాడయోలోన్ వాటిలో ఒకటి. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు 2 పాళ్ళు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెట్టటం మనకు కొత్త కాదు. ఆ కలిపేది ఎవరు? కూలీలే, అదీ ఉత్త చేతులతో. ఈ మందు తోలుగుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. తొడుగులు అడిగి తీసుకోవాలి, కలిపాక సబ్బుతో కడగందే అన్నం ముట్టకూడదు, మిగిలిన నూకలు ఇంటికి తేకూడదు.

ఎవరైనా తింటే జరిగే మోసం ఏమిటంటే, మొదటి రోజు మనిషికి ఏమీ కాదు. కాలేయం ముందే చేసిపెట్టిన సరుకు నెత్తురులో ఉంటుంది గనక రెండు మూడు రోజులు అట్లా నడుస్తుంది. బాగానే ఉన్నాడని ఇంటికి తీసుకుపోతారు. మూడోరోజో నాలుగోరోజో చిగుళ్ళనుంచి, మూత్రంలో, కడుపులో నెత్తురు మొదలవుతుంది. కాబట్టి ఏమీ కాలేదుగా అని వదలొద్దు. మందు పొట్లం వెంట పట్టుకుపోవాలి. రెండురోజుల తర్వాత నెత్తురు పరీక్ష మళ్ళీ చేయించాలి. బ్రోమాడయోలోన్ ఒంట్లో చాలాకాలం ఉంటుంది, విరుగుడుగా ఇచ్చే విటమిన్ కె1 వారాలు, ఒక్కోసారి నెలలు వాడాలి. తగ్గిందని మధ్యలో ఆపితే నెత్తురు మళ్ళీ మొదలవుతుంది. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. నల్లటి పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్, ముద్దగా వచ్చే భాస్వరం మందు ఈ కుటుంబం కాదు. వాటికి విటమిన్ కె విరుగుడు కాదు, ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఇక ఆ అక్క పెనిమిటి. ఆసుపత్రిలో పరీక్ష చేసి మాత్ర మళ్ళీ మొదలుపెట్టించారు. ఆ పరీక్ష పేరు ఐ.ఎన్.ఆర్. అంటారు. మిల్వాకీ క్విక్ 1935లో కనిపెట్టిన పరీక్ష నుంచి వచ్చిందే అది. నెత్తురు ఎంత పలచన ఉందో దాన్నిబట్టి మాత్ర మోతాదు పెంచుతారు, తగ్గిస్తారు. ఎలుకకూ ఆయనకూ తేడా ఆ కొలతే. అందుకని పరీక్షకు పొమ్మన్న రోజు కూలి పోయినా సరే పోవాలి.

మాట్లాడుతుంటే ఇంకో సంగతి బయటపడింది. ఆకుకూర తినొద్దన్నారని రెండేళ్ళుగా ఆయన గోంగూర, తోటకూర ముట్టలేదు. పచ్చడి మెతుకులతో లాగిస్తున్నాడు. మేము అడిగిన డాక్టరమ్మ చెప్పింది వేరు. ఆకుకూర పూర్తిగా మానక్కర్లేదు. ఒకవారం అసలు తినక, ఇంకోవారం పూటపూటా తింటే విటమిన్ కె ఎగుడుదిగుడై మాత్ర లెక్క తప్పుతుంది. వారానికి ఎన్నిసార్లు, ఎంత తింటావో ఒక పద్ధతి పెట్టుకుని, అదే డాక్టరుకు చెబితే ఆ తిండికి తగ్గట్టు మాత్ర సరిచేస్తారు. అసలు భయపడాల్సింది నొప్పుల బిళ్ళలకు. నాట్లలో నడుం పట్టేసిందని కొట్లో కొని వేసుకునే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి ఈ మాత్రతో కలిస్తే కడుపులో నెత్తురు పడుతుంది. డాక్టరును అడక్కుండా ఒక్కటి కూడా వేయకూడదు. దెబ్బ తగిలినా, పన్ను తీయించుకున్నా, సూది వేయించుకున్నా ముందుగా ఈ మాత్ర వాడుతున్నానని చెప్పాలి.

అక్క ఇదంతా విని, ఆ డీర్ పార్క్ రైతు ఎన్ని మైళ్ళు వచ్చాడని మళ్ళీ అడిగింది. చెప్పాను. మాత్రల అట్ట చెంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. వచ్చే పరీక్ష నెలాఖరున ఉంది.